ఎర్రపెట్ట పవళింపు

తెల్లవారకముందే లోకమును నిద్రలేపి, లేపినందులకు తిట్లు తిని, తినియు మానని ఓ కుక్కుటకంఠమా! ఈ కథ ముగియువరకు నా గొంతున నిలువుము. ముగిసిన వెంటనే దిగి నీ దారిన నీవు పొమ్ము.

కృష్ణా గోదావరీ మధ్యదేశమున, ఏలూరు నుండి కైకలూరు పోవు బస్సు కిటికీలోనుండి చూచువారికి ఎడమప్రక్క చేపల చెరువులును, కుడిప్రక్క మరికొన్ని చేపల చెరువులును, వాని నడుమ ఎక్కడనో దారితప్పిన కొల్లేరును కనబడుచుండ, వానలు వెనుకబట్టి, వరికోతలు ముగిసి, క్రైస్తవ సంఘముల కోతపండుగకు ఇంక వారము దినములైనను లేని పుణ్యకాలమున, కొంగలపాడు అను గ్రామమున ఒక మహాయుద్ధము జరిగెను. ఆ యుద్ధమున ఏనుగులు కూలలేదు. రథచక్రములు విరుగలేదు. ఒక స్కూటరు సీటు మాత్రము అవమానింపబడెను. చరిత్రకారులు దీనిని వ్రాయరు. వారికి తీరిక ఉండదు. నాకు ఉన్నది.

ఈ గాథకు నాయకుడు రాజరత్నము. కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. హిమఖండాధీశుడు, మృతమత్స్య సంరక్షకుడు, మీసమునకు రంగు వేసి కనుబొమలకు వేయుట మరచిన ధీరోదాత్తుడు. ఆయనకు ప్రాణములు రెండు. ఒకటి వానాకాలమున డెంగీ జ్వరముచే ఏలూరు ఆసుపత్రిలో ఇంచుమించుగా పోయి తిరిగివచ్చినది. రెండవది, ఆ మొదటిది తిరిగివచ్చిన సంతోషమున కొన్న తెల్లని ఎలక్ట్రిక్ స్కూటరు.

మొదటి ప్రాణము తిరిగివచ్చుటకు వైద్యులు తమ సెలైను కారణమనిరి. రాజరత్నము తన దేహదారుఢ్యము కారణమనెను. భార్య సారమ్మ ఏమియు అనలేదు. అసలు కారణము ఆమెకు తెలియును గనుక. ప్లేట్‌లెట్లు పాతాళమునకు దిగిన దినమున ఆమె వార్డు వరండాలో మోకరించి, "దేవా, ఈయన్ని నడిపించి ఇంటికి పంపితే, కోతపండక్కి నా పెట్టల్లోకల్లా మంచిపెట్టని తెచ్చి నీకిచ్చేస్తాను" అని మొక్కుకొనెను.

కోతపండుగ సంగతి తెలియనివారికి ఒక్కమాట. క్రొత్తపంట ఇల్లు చేరిన పిమ్మట ఎవరింట కలిగినది వారు చర్చికి తెత్తురు. ధాన్యపు బస్తా, గుమ్మడికాయ, అరటిగెల, కోడి. ఆరాధన ముగియగానే ఆవరణలో వానిని వేలము వేయుదురు. వచ్చిన సొమ్ము దేవునిది, వస్తువు పాడుకొన్నవానిది. వేలమునకు ఊరందరును వత్తురు. పాట పాడుటకు మతముతో పనిలేదు, నోరుండిన చాలును.

సారమ్మ మొక్కిన ఆ మంచిపెట్టయే ఎర్రపెట్ట. నాటుజాతి నారీమణి; పగడపు తురాయిది, చంద్రహాసము వంటి ముక్కుది, తోకయందు మిరపపండు వన్నె ఈకలది. తక్కిన ఆరు పెట్టల మీదను, మగవాడని పేరు తప్ప మరి ఏ అధికారమును లేని డేగపుంజు మీదను ఏకచ్ఛత్రముగా పరిపాలించునది.

పూర్వము ఈ కోళ్ళన్నియు ప్రొద్దుగూకగానే వెదురుగంప క్రింద దూరి, పైన రాయి పెట్టించుకొని, లోకమందలి సమస్త కోళ్ళవలెనే నిద్రించెడివి. కాని కొల్లేటి తుంగపొదలలో ఒక బావురుపిల్లి కలదు. మునిమాపు వేళల గోడలపై నడచునది, కన్నులయందు రెండు టార్చిలైట్లు గలది, ఎన్నడును పస్తుండనిది. అది ఆ వారమే, మంగళవారము సంధ్యవేళ, గంపను, దానిపై రాతిని, రాతిపై సారమ్మకు గల నమ్మకమును ఒక్కమారుగా తలక్రిందులు చేసి, అప్పటికి ఎనిమిదవదైన నల్లని కాకిపెట్టను నోట కరచుకొని పోయెను. ఆనాటినుండి కోళ్ళు గంపను బహిష్కరించినవి. ఎత్తుగా, వెడల్పుగా, వెనుక గోడ దన్నుగా ఉన్న చోటు వెదకినవి. ఆ ఇంట అట్టి చోటు ఒక్కటే. అది వరండాలో, చార్జింగు పెట్టబడి, నిగనిగలాడుచుండెను.

బుధవారము ఉదయమున రాజరత్నము తువ్వాలు భుజమున వేసికొని, స్కూటరును తుడుచుటకై వరండాలోనికి వచ్చి, నిలువునా కొయ్యబారెను.

"సారమ్మా! ఏంటే ఇది?"

"కోడి రెట్టండీ."

"రెట్టని నాకూ తెలుసే. నా సీటు మీదెందుకుందని అడుగుతున్నా."

"రాత్రి అవి అక్కడే పడుకున్నాయండీ. దింపబోతే ఎర్రపెట్ట పొడిచింది. పరుపులా ఉందనుకుంటా. మీరే అన్నారు కదండీ, దీని సీటు పరుపులా ఉంటుందని."

సీటుపై అప్పటికిని ఎర్రపెట్ట కూర్చుండియే ఉండెను. రాజరత్నము ఎడమకాలు ముందుకు వైచి, తువ్వాలును ఖడ్గమువలె ఎత్తి, ఐసు ఫ్యాక్టరీ మోటార్ల హోరును మించిన గొంతుతో ఇట్లు పలికెను:

"ఓసీ పక్షికులకళంకమా! ధాన్యచోరిణీ! ఎవని వాహనమును అధిరోహించితివో ఎరుగుదువా? మృత్యువుతో ముష్టియుద్ధము చేసి, ప్లేట్‌లెట్ల సైన్యమును మరల కూడగట్టుకొని, నడిచి ఇల్లు చేరిన మగవాని వాహనమిది! ఇప్పుడే దిగుము. దిగవేని, అల్లము వెల్లుల్లి సాక్షిగా, ఈ మధ్యాహ్నమే నీవు నా కంచమున..."

ఎర్రపెట్ట తోక కొంచెము పైకెత్తి, తన ప్రత్యుత్తరమును సీటుపై విడిచి, తీరికగా దిగిపోయెను.

"కంచం మాటెత్తకండి," అనెను సారమ్మ. ఆమె గొంతు పెంచలేదు. గొంతు పెంచనప్పుడే ఆమెతో ప్రమాదమని రాజరత్నమునకు ముప్పదియేండ్ల అనుభవము. "అది నాదీ కాదు, మీదీ కాదు. మీ ప్రాణానికి బదులుగా మొక్కుకున్న పెట్టండీ. ఆదివారం దాకా దాని ఈక ఊడినా నేనూరుకోను. పిల్లి చూస్తే రోజూ గోడెక్కి కూర్చుంటోంది. మీరేం చేస్తారో నాకు తెలీదు. వాటికి భద్రంగా పడుకునే చోటు చూడండి."

అంతలో పిట్టగోడకు ఆవల ఒక తల లేచెను. అది పొరుగింటి జోగారావుది. అరువదెకరముల చేపల చెరువులకు అధిపతి. పరుల కష్టములను ఉచితముగా చూచుటకు గోడ ప్రక్కన ప్రత్యేకముగా స్టూలు వేయించుకొన్న రసికుడు.

"రాజరత్నం గారూ, పొద్దున్నే బండికి సున్నం కొట్టించారేంటండీ?"

"కోళ్ళండీ," అని రాజరత్నము పండ్లు కొరికెను.

"అయ్యయ్యో. ఆ ఎర్రపెట్టేనా అండీ? ఆదివారం పాటలో దాన్ని నేనే పాడుకుంటానండీ. మా ఆవిడ సుందరమ్మ గారెలకి మినప్పప్పు ఇప్పుడే నానబోస్తానంటోంది. మీ బండికీ పీడ పోద్ది, మా నోటికీ రుచి తగుల్తుంది. ఏమంటారు?"

రాజరత్నము సీటు వైపు చూచెను. కోడి పీడ పోవుట ఆయనకును ఇష్టమే. కాని తన ప్రాణమునకు బదులైన పెట్ట జోగారావు గారెలకు నంజుడగుట అను ఊహ ఎక్కడనో, స్కూటరుకంటె లోతుగా, గుచ్చుకొనెను. ఆయన కుడిచేయి ఎత్తి శపథము చేసెను: "సూర్యుడస్తమించులోగా ఈ కుక్కుటములకు శయనమందిరము నిర్మింపకున్న నేను రాజరత్నమునే కాను!"

"మంచిదండీ," అని జోగారావు స్టూలును దగ్గరకు జరుపుకొనెను.

నాయకుడు ఆయుధశాల ప్రవేశించెను. అనగా ఇంటివెనుక గొడ్లపాక. గేదెలను అమ్మిన పిమ్మట అందు చేపల చెరువుల సామాను చేరియుండెను. కొల్లేటి వాడు ఇల్లు కట్టినను, పందిరి వేసినను, తుదకు పెండ్లి చేసినను, చెరువు సామాను లేక పని ప్రారంభింపడు. నీటిలో గాలి కలుపు యంత్రముల పీవీసీ పైపులు, చెరువులపై కొంగలు వ్రాలకుండ కట్టు నైలాను వలలు, ఖాళీ మేత సంచులు అక్కడ కొండలుగా పడియుండెను. రాజరత్నము వానిని చూచి, "ఇన్ని ఉండగా వడ్రంగి ఎందుకే?" అనెను. ఆ ఒక్క వాక్యము వలన ఎన్ని ఇండ్లు కూలినవో దేవుడెరుగును.

ఐసు ఫ్యాక్టరీకి సెలవు పెట్టెను. పాకకు ముందును ప్రక్కలను వల బిగించెను. లోపల పైపులతో నాలుగు మెట్ల నిచ్చెన వంటి సింహాసనము నిలిపెను. మెట్లను ఊరక వేయలేదు. వానికొక రాజనీతి కలదు. అందరికంటె పైమెట్టు పుంజుకు, ఎంతైనను మగవాడు గనుక. రెండవది సాత్వికురాండ్రైన తెల్లపెట్టలకు. మూడవది తక్కినవారికి. అట్టడుగు మెట్టు, చేసిన నేరమునకు శిక్షగా, ఎర్రపెట్టకు.

"పైపులు మరీ నున్నగా ఉన్నాయేమోనండీ," అనెను సారమ్మ.

"నున్నగా ఉంటేనే కదే కడగడానికి వీలు! ఇలాంటివాటికి ప్లానుండాలి."

ప్రొద్దుగూకెను. దంపతులిరువురు కోళ్ళను ఒక్కొక్కటిగా పట్టి, ప్లాను ప్రకారము ఎవరి మెట్టుపై వారిని నిలిపిరి. ఒక్క క్షణము, ఒకే ఒక్క క్షణము, విశ్వమంతయు క్రమశిక్షణతో వెలుగొందెను. అంతట ఎర్రపెట్ట పైకి చూచెను. కోడిజాతికి ఒక ధర్మము కలదు: తనకంటె ఎత్తైన కర్ర కంటబడినంతసేపు నిద్ర పట్టదు. అది రెక్కలు విప్పి ఒక్క దుముకున పైమెట్టు చేరి, పుంజును డొక్కలో పొడిచి త్రోసెను. రాణి ఎక్కిన చోటికి ప్రజలెక్కిరి. ఏడు పెట్టలును ఒక్క పైపుపై చేరినవి. ఆ పైపును రాజరత్నము మేకులతో బిగింపలేదు. త్రాటి ఉచ్చులలో వ్రేలాడదీసి యుండెను. నున్నని పైపు, గుండ్రని పైపు, చెరకుగానుగ వలె గిరగిర తిరిగెను. సప్త కుక్కుటములును తలక్రిందులై, కాళ్ళు ఆకాశమునకు, అరుపులు ఏలూరునకు, రాజరత్నముపై వర్షించినవి.

గోడ మీదనుండి చప్పట్లు వినబడెను.

"బాగుందండీ! టికెట్టెంతండీ?"

ఆ రాత్రియు కోళ్ళు స్కూటరు మీదనే పవళించినవి.

గురువారమున పైపులను కదలకుండ బంధించి, మేతసంచులు చుట్టెను. జారుట ఆగెను. ఇంక జయమే అనుకొనెను. కాని మెట్లు అట్లే ఉండెను గదా! ఆ సాయంకాలము పైమెట్టు కొరకు జరిగిన పోరును వర్ణించుటకు నాకు ఒక్క నోరు చాలదు. ముక్కులు ఖణిల్లుమనెను. ఈకలు మంచువలె రాలెను. మెడపై నలుపుతెలుపుల ఈకల పర్లపెట్టకు కన్నుపై గాటుపడెను. పుంజు స్వచ్ఛందముగా క్రిందికి దిగి, ఒక మూల ముఖము గోడకు త్రిప్పుకొని నిలిచెను. త్రోపులాటలో ఎర్రపెట్ట పైమెట్టు చివరకు జరిగి, తోకను నైలాను వలకు ఆనించి కూర్చుండెను.

ఆ వల కొంగలను ఆపుటకు పుట్టినది. కొంగకు వల చీల్చు పంజా ఉండదు.

వల ఆవల, చీకటి ఇంకను చిక్కబడకముందే, రెండు టార్చిలైట్లు వెలిగెను. చర్రుమని ఒక శబ్దము. కెవ్వుమని ఒక అరుపు. సారమ్మ చీపురుతోను, రాజరత్నము చెప్పుతోను, జోగారావు గోడమీది సలహాతోను ఏకకాలమున దాడిచేయగా బావురుపిల్లి పరారయ్యెను. దాని పంజాలో ఎర్రపెట్ట లేదు. ఎర్రపెట్ట తోక ఉండెను.

సారమ్మ నేలరాలిన ఎర్ర ఈకలను ఏరి కొంగున కట్టుకొనెను. ఒక్కమాట అనలేదు. అన్నము వడ్డించెను. నీళ్ళు పెట్టెను. అప్పుడును అనలేదు. తిట్టిన భార్యను జయించినవారు పురాణములలో కలరు. తిట్టని భార్య ఎదుట నిలిచినవాడు ఎక్కడను లేడు. రాజరత్నము సగము కంచమున లేచిపోయెను.

శుక్రవారము ప్రొద్దున్నే ఆమె పాస్టరు ప్రభుదాసు ఇంటికి పోయెను. నాయకుడు నాలుగడుగులు వెనుకగా నడిచెను.

"అయ్యగారూ, మొక్కిన పెట్టకి తోక పోయిందండి. మచ్చలేని కానుకివ్వాలంటారు కదండి. వేరేది తెమ్మంటారా?"

"మీరు మొక్కింది దాన్నే కదమ్మా?"

"దాన్నేనండి. ఈయన ఐసు గదిలో చేపలా పడుంటే, దాన్ని తలుచుకునే మొక్కానండి."

"అయితే అదే తీసుకురండి. దేవుడు తోకలు కొలవడు. ప్రాణంతో ఉంటే చాలు." ప్రభుదాసు రాజరత్నమును ఎగాదిగ చూచెను. "ప్రాణంతో ఉంచుతారా అండీ మీరు?"

ఆ ప్రశ్న హృదయమున బాణమై దిగబడెను. ఐసు గదిలో చేపవలె! తాను మృత్యువుతో ముష్టియుద్ధము చేయుచున్నానని ఊరంతట చెప్పుకొన్న దినములలో తన భార్య వరండా నేలపై మోకాళ్ళు అరుగదీసికొనుచు ఒక కోడిని మొక్కుకొనెనన్న మాట. ఆమె చెప్పిన బుధవారముననే ఆ మాట ఆయన చెవిలో పడెను. మనస్సులో పడుటకు శుక్రవారము వరకు పట్టెను.

కోళ్ళు మరల స్కూటరు మీదనే పవళింపగా శనివారము తెల్లవారెను. రాజరత్నము స్కూటరు ఎదుట పీట వేసికొని కూర్చుండి, జీవితమున మొదటిసారిగా, కోళ్ళను తిట్టక చూచెను.

హ్యాండిలు గుండ్రనిది. దానిపై దిక్కులేక కూర్చున్న పర్లపెట్ట కన్ను మూయుటయు, జారుటయు, ఉలికిపడుటయు. సీటుపై నున్నవి మాత్రము మహారాణులవలె నిద్రించుచుండెను. వాని వ్రేళ్ళు దేనిని పట్టుకొనలేదు; చదునైన సీటుపై పాదములు పరచి, వానిపై పొట్ట ఆనించి, వెచ్చగా మూసికొనినవి. ఒకదాని ప్రక్క ఒకటి. పొడుచుట లేదు, త్రోయుట లేదు. ఏలయన సీటుకు పైమెట్టు లేదు, క్రిందిమెట్టు లేదు. అన్నియు ఒక్క ఎత్తున ఉన్నప్పుడు దేనికొరకు కొట్టుకొనవలెను?

"సారమ్మా!" అని సింహనాదము చేసెను. "వీటికి కావాల్సింది సింహాసనం కాదే. బెంచీ!"

మరుక్షణము ఆయన చర్చి వెనుక నుండెను. సంఘము ప్లాస్టిక్ కుర్చీలకు మారినది మొదలు పాత టేకుబెంచీలు అక్కడ వానకు తడియుచుండెను. అందొకదాని వీపుచెక్క విరుగక మిగిలియుండెను. నాలుగు వ్రేళ్ళ వెడల్పు, అంచులు కోసుకొనకుండ నునుపు, పైభాగము చదును. మూడుతరముల విశ్వాసులు ప్రసంగము సాగినకొలది చేతులతో రుద్ది రుద్ది సిద్ధపరచిన చెక్క.

"ఎందుకండీ ఇది?" అనెను ప్రభుదాసు.

"కోళ్ళు కూర్చోవడానికండి."

"తీసుకెళ్ళండి. మనవాళ్ళు కూర్చుంటే నిద్రే పోయేవారు. అవీ నిద్రపోవడానికేగా."

ఆ దినమున రాజరత్నము చేసిన కార్యములను క్లుప్తముగా చెప్పెదను, ప్రొద్దు తక్కువగా నున్నది. నైలాను వల ఊడబెరికెను. పంజా దూరని చిన్నకన్నుల ఇనుపజాలీని కైకలూరు నుండి స్కూటరుపై తెచ్చి బిగించెను. పైన గాలి ఆడుటకు జాగా విడిచెను. టేకుచెక్కను, ఈసారి మేకులతో, గోడకు గోడకు నడుమ, జాలీకి జానెడు ఎడముగా, తన ఛాతీ ఎత్తున, ఒకే వరుసగా బిగించి, దానిపై తానే వ్రేలాడి పరీక్షించెను. చెక్క నిలిచెను. చొక్కా చంకలో చినిగెను.

"ఈసారి ఎన్ని మెట్లండీ?" అని గోడమీదనుండి జోగారావు.

"మెట్లు లేవండి. ఒక్క వరసే."

"అదేంటండీ, మరి పుంజుగారి మర్యాద?"

"ఆయన మర్యాద ఆయన చూసుకుంటారండి."

సూర్యుడు చెరువుగట్ల వెనుక ఎర్రబడెను. పాకతలుపు బార్లా తెరచియుండెను. లోపల టేకుచెక్క, పన్నీరు చల్లని పెండ్లిపీట వలె, ఎదురుచూచుచుండెను. కోళ్ళు వరుసగా వచ్చినవి. పాకను చూచినవి. గిరుక్కున తిరిగి వరండా వైపు నడచినవి. కోడి ఒకచోట నిద్రకు అలవాటు పడెనా, దానిని మాన్పుట ప్రభుత్వమును మార్చుటకంటె కష్టము.

"పట్టుకుని లోపల పడేద్దామా అండీ?"

"వద్దే. గోడ మీద చూడు."

పిట్టగోడపై, జోగారావు స్టూలునకు కొంచెము ఎడముగా, బావురుపిల్లి కూర్చుండి మూతి నాకికొనుచుండెను. తరిమినచో కోళ్ళు చెదరును. చెదరినచో ఒకటి దానికి దక్కును. ఏది దక్కునో చెప్పనక్కరలేదు. తోకలేనిది ఎగురునప్పుడు మలుపు తిరుగజాలదు.

వెలుగు తగ్గుచుండెను. అప్పుడు రాజరత్నమునకు ఒక ఉపాయము తోచెను. తోచినందులకు ఆయన మనస్సు విలపించెను. వరండాలోనికి పోయి, చార్జరు పీకి, తన రెండవ ప్రాణమును తానే నడిపించుకొని వచ్చి, పాకలోనికి తోసి, సరిగా టేకుచెక్క క్రింద నిలిపెను.

కోళ్ళు ఆలోచించినవి. తమ మంచము ఎక్కడ ఉన్న అదియే తమ ఇల్లు. ఒక్కొక్కటే పాకలోనికి నడచి స్కూటరెక్కినవి. ఎర్రపెట్ట అందరికంటె వెనుక, తోకలేని రాణి, తలయెత్తుకొని ప్రవేశించి సీటుపై నిలిచి, మెడ వంచి, పైకి చూచెను. పైన చెక్క. సీటుకంటె ఎత్తు. సీటుకంటె పొడుగు. కోడిధర్మము మేల్కొనెను. ఒక్క దుముకు! రెక్కల చప్పుడు! ఎర్రపెట్ట టేకుచెక్కపై నిలిచి, పాదములు పరచి, జరిగి సరిచూచుకొని, ఎవ్వరిని పొడువక, పొట్ట ఆనించెను. దాని వెనుక పర్లపెట్ట. దాని వెనుక తెల్లపెట్టలు. తుదకు పుంజు, వరుస చివర, మర్యాద ఏమియు అడుగకయే.

రాజరత్నము తలుపు మూయబోయి ఆగెను. చెక్కపై ఎనిమిది కోళ్ళు. చెక్క క్రింద, సరిగా క్రింద, తెల్లని స్కూటరు. తెల్లవారునప్పటికి ఏమి జరుగునో తెలియుటకు జ్యోతిష్యము అక్కరలేదు.

"బయటికి లాగెయ్యండి, ఇంకా నిద్రపోలేదుగా," అనెను సారమ్మ మెల్లగా.

ఆయన హ్యాండిలుపై చేయి వేసెను. చక్రము కిర్రుమనెను. పైన ఎర్రపెట్ట లేచి నిలువబడెను. గోడపైనుండి పిల్లియు లేచి నిలువబడెను. తలుపు బార్లా తెరచియున్నది. రాజరత్నము స్కూటరును చూచెను; పెట్టను చూచెను; కొంగున ఎర్ర ఈకలు ముడివేసికొన్న భార్యను చూచెను. చేయి తీసెను. భుజముమీది తువ్వాలును సీటుపైకి విసరెను. అది గురితప్పి ఒక అద్దమునకు తగుల్కొనెను. ఆయన వెలుపలికి వచ్చి, తలుపు మూసి, గడియ పెట్టి, గడియకు చువ్వ పెట్టెను.

బావురుపిల్లి జాలీచుట్టు తిరిగెను. పంజా పెట్టి చూచెను. ముక్కు పెట్టి చూచెను. అంతట జోగారావు ఇంటి చేపల బుట్ట జ్ఞాపకము వచ్చినది కాబోలు, గోడదూకి ఆవలకు పోయెను. ఆవలనుండి సుందరమ్మ కేక వినబడెను. కథకునకు ఇట్టి చోట్ల నవ్వు ఆపుకొనుట కష్టము.

ఆదివారము ఉదయమున స్కూటరు ఏ స్థితిలో నుండెనో నేను వర్ణింపను. ఈ కథను భోజనమునకు ముందు చదువువారును ఉందురు. ఒక అద్దము మాత్రము నిష్కళంకముగా మెరయుచుండెను. సారమ్మ ఏమియు అనక బకెట్టు నీళ్ళు తెచ్చి, చీర చెక్కుకొని, సీటు కడుగ మొదలుపెట్టెను. ఈ మౌనము వేరు. రాజరత్నము దానిని గుర్తుపట్టి, చక్రములు తాను కడిగెను.

ఆరాధన ముగిసెను. గుమ్మడికాయలు పోయినవి, అరటిగెలలు పోయినవి. ప్రభుదాసు ఎర్రపెట్టను రెండుచేతుల ఎత్తెను. "కొంగలపాడు సారమ్మగారి మొక్కుబడి పెట్ట! పాడండి!"

జోగారావు పాడెను. చేతిసంచితో వచ్చియుండెను. ఎవ్వరును ఎదురుపాడలేదు. "ఒకటోసారి... రెండోసారి..."

"నాది!" అని ఒక గొంతు. ఎదురుపాడినవాడెవడో చూచుటకు జనము తిరిగిచూచెను. రాజరత్నము లేచి నిలువబడియుండెను.

జోగారావు పెంచెను. రాజరత్నము పెంచెను. జోగారావు మరల పెంచెను. ఆ పాట ఎంతవరకు పోయెనో చెప్పుట మర్యాద కాదు. ఆ సొమ్ముతో దేవుడు మాత్రము సంతోషించియుండును.

"రాజరత్నం గారూ, తోకలేని పెట్టకి అంతా అండీ?"

"తోక మొలుస్తుందండీ."

"నాలుగు రోజులు దాన్ని తిట్టని తిట్టు లేకుండా తిట్టారుగా మీరు!"

"తిడతానండీ. రేపు మళ్ళీ తిడతాను. అది నా ప్రాణానికి బదులండీ, నేను కాకపోతే ఇంకెవరు తిడతారు?"

జోగారావు ఒక్కక్షణము ఆయన ముఖము చూచి, ఖాళీసంచి మడిచి చంకన పెట్టుకొనెను. "అయితే మినప్పప్పు వృథా. వట్టి గారెలు పంపిస్తానండీ, తినండి."

స్కూటరుపై ముందు రాజరత్నము, వెనుక సారమ్మ, ఆమె ఒడిలో ఎర్రపెట్ట. దారిలో సారమ్మ అడిగెను: "మొక్కు తీరిపోయిందండీ. ఇప్పుడిది మనదే. సాయంత్రం కూర చేసెయ్యమంటారా?"

స్కూటరు ఒక్కసారి ప్రక్కకు తూలెను. "నీకేమన్నా మతిపోయిందే?" అని ఆయన కేకవేసెను. వెనుకనుండి ఆమె నవ్వు వినబడెను. డెంగీ జ్వరము పిమ్మట ఆ నవ్వును ఆయన వినుట అదియే ప్రథమము.

సాయంకాలమయ్యెను. స్కూటరు యథాస్థానమున, వరండాలో, చార్జింగు పెట్టబడి, కడిగిన ముత్యము వలె నుండెను. పాకతలుపు తెరచియుండెను. ఆరు పెట్టలును పుంజును వెనుదిరిగి చూడక పాకలోనికి పోయి బెంచీచెక్క ఎక్కినవి. ఎర్రపెట్ట ఒక్కటే వరండామెట్ల యొద్ద నిలిచెను. స్కూటరును చూచెను. ఒక కాలు ఎత్తెను. రాజరత్నము ఊపిరి బిగపట్టెను. గోడపై జోగారావు తింటున్న గారెను నోటిముందే ఆపెను. కొల్లేటిపై కొంగలు ఎగురుట ఆపినవో లేదో తెలియదుగాని, ఆపినను ఆశ్చర్యము లేదు.

ఎత్తిన కాలు ఎత్తినట్లే ఉండెను. పిమ్మట అది నేలకు దిగెను. ఎర్రపెట్ట, తోక ఉన్నట్టే దర్పముగా వెనుకభాగమును ఒకసారి ఊపి, పాకవైపు నడచిపోయెను.

మ్రోగనిండు భేరులు! ఏలూరు నుండి కైకలూరు దాక, తాడేపల్లిగూడెము నుండి ఉండి ఊరి దాక, చేపలు చెరువులలో లేచి నిలిచి వినును గాక! కొంగలపాడు వాస్తవ్యుడు, హిమఖండాధీశుడు, మృత్యుంజయుడు, మార్జాలమదభంజనుడు, సారమ్మ ప్రాణనాథుడు రాజరత్నము, సోమవారము ఉదయమున తన స్కూటరు సీటుపై కూర్చుండెను. అది పొడిగా నుండెను.